తల్లి పురుగు, వేరు పొయ్యి

ఈ ఏడు ముంగారు తొలి వాన పడిన సాయంత్రం, కడపలో మా ఇంటి వరండా గోడ మీద, ట్యూబులైటు పక్కన, ఒక రెక్కల పురుగు వచ్చి వాలింది. తెల్లటి రెక్కల మీద పొగచూరినట్టు గోధుమరంగు చారలు. ముందు రెక్కల అంచు పొడుగునా పసుపు గీత. గడపకు పసుపు రాసేటప్పుడు వేలు జారితే పడే గీతలాగా ఉంటుంది అది. దాన్ని చూసి ఎన్నేళ్లయిందో. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి, కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. పక్కింటి ఆమె మిద్దె మెట్లు దిగుతూ చూసి, "పొరక తెచ్చేదా అక్కా?" అంది. వద్దన్నాను. వాన తడికి వీధిలోంచి మట్టివాసన వస్తోంది గానీ అది మా పల్లె వాసన కాదు. దాంట్లో సిమెంటు, మురుగుకాలవ కూడా కలిసి ఉన్నాయి. పురుగు మాత్రం అదే.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ దీని పేరు నాకు ఏటా ఒకసారి తగిలేది. వానాకాలం మొదలయ్యేసరికి డెస్కుకు వ్యవసాయ అధికారుల ప్రకటన ఒకటి వచ్చేది, వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు నివారణ గురించి. అందులో నోరు తిరగని శాస్త్రీయ నామం ఒకటి ఉండేది. చోటు చాలక ప్రతిసారీ మేం మొదట కొట్టేసేది దాన్నే. తర్వాత మందుల కొలతలు కుదించేవాళ్లం. "తొలకరికి నేలలోంచి బయటికి వచ్చే తల్లి పురుగులను మంటలతో ఆకర్షించి చంపాలి" అన్న వాక్యాన్ని మాత్రం నేనెప్పుడూ ముట్టుకోలేదు. పుస్తకాల్లో చిమ్మట అనే మాట ఉంది గానీ, మా సీమ రైతు నోట దాన్ని నేను వినలేదు. నేల మీద పాకేది బొంతపురుగు, బొంత కప్పుకున్నట్టు ఒళ్లంతా బొచ్చు ఉంటుంది గనక. ఎగిరేది తల్లి పురుగు. అందులో మగది ఉన్నా దాన్నీ తల్లి పురుగే అంటారు. ఎండకు పగిలిన గట్ల మీద ఏ మేకా నోరు పెట్టని జిల్లేడు ఒకటే పచ్చగా నిలబడి ఉంటుంది చూడండి, ఆ జిల్లేడాకును పాలతో సహా నమిలి అరిగించుకునే పిల్లలు దానివి. జిల్లేడు, అడవి ఆముదం, గట్టు మీది కలుపు, ఇవన్నీ అయ్యాక వేరుశనగ చేలో దిగుతాయి. దిగితే ఇక కాడలే మిగులుతాయి.

ఫోనుతో దాని బొమ్మ తీసి రాయచోటిలో ఉన్న ఓబులమ్మకు పంపాను. ఓబులమ్మ మా చిన్నాయన కూతురు. విత్తనాలు, పురుగుమందుల అంగడి నడుపుతుంది. మా చిన్నమ్మ కూడా ఆమె దగ్గరే ఉంటుంది. కాసేపటికి వాట్సాప్‌లో ఓబులమ్మ గొంతు వచ్చింది. "అక్కా, నా కోసరం మన ఇంట్లో చంపగూడదని ఇడిసిపెట్టిన పురుగులకంతా ఇప్పుడు నేను మందు అమ్ముతాండా. ఆ పాపం నాకా, మీకా?" ఆమె నవ్వు వెనక ఇంకో గొంతు, సన్నగా, కొంచెం కోపంగా వినిపించింది. "ఎవురు మే? పెద్దపాపనా? పురుగు బొమ్మ పంపిచ్చేది కాదు, మనిషిని రమ్మను." అది చిన్నమ్మ. వాళ్లకు నేను ఇప్పటికీ పెద్దపాపనే.

ఆ వారమే రాయచోటి బస్సెక్కాను. చిన్నమ్మను చూడాలనే కాదు, ఒక మాట అడగాలని కూడా. మా బంధువుల్లో ఎక్కడ పెళ్లి జరిగినా, ఎవరో ఒకరు వక్కాకు నములుతూ మా అమ్మ ప్రస్తావన తెచ్చేవాళ్లు. "చూలాలని గూడా చూడకుండా తోడికోడలితో యేరు పొయ్యి పెట్టించింది" అనేవాళ్లు. అమ్మ ఉన్నప్పుడూ అన్నారు, పోయాకా అన్నారు. నేనూ మా తమ్ముడూ ఆ మాటకు ఏనాడూ జవాబు చెప్పలేకపోయాం. మా ఇంట్లో రెండో పొయ్యి వెలిసిన మాట నిజం. అది వెలిసినప్పుడు నేను చూశాను.

మా పల్లె రాయచోటికి దగ్గర్లోనే, ఎర్రనేలల మధ్య ఉంటుంది. మా ఇల్లు పెద్ద మట్టిమిద్దె. మా నాయన, చిన్నాయన, వాళ్లమ్మ మా జేజి, అమ్మ, చిన్నమ్మ, నేను, తమ్ముడు, అందరికీ ఒకటే పొయ్యి. తెల్లవారకముందే అమ్మ పొయ్యి మీద సంగటి కుండ పెట్టేది. బియ్యం ఉడికి, రాగిపిండి పడి, తెడ్డుతో గెలికేటప్పుడు వచ్చే వాసన మా పడకల దాకా వచ్చేది. చిన్నమ్మ అప్పటికే పేడ ఎత్తి, కల్లాపి చల్లి, బావి నుంచి నీళ్లు మోస్తూ ఉండేది. మొదట మగవాళ్లు తినేవాళ్లు. తర్వాత మేము పిల్లలం. ఆ తర్వాత జేజి. జేజికి పెట్టి, పశువులకు కుడితి కలిపి, అమ్మ తినేది. చిన్నమ్మ గిన్నెలన్నీ తోమి, చిట్టచివర కుండ దగ్గర కూర్చునేది. అప్పటికి సంగటి గడ్డకట్టి రాయిలా ఉండేది. అడుగున మిగిలినదాన్ని గీకి, ఊరిబిండి పచ్చడి నంజుకుని, పలచటి మజ్జిగతో మింగేది. కరువు ఏడు అయితే గీకడానికి కూడా పెద్దగా ఉండేది కాదు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. జేజి కాపురానికి వచ్చినప్పుడు జేజి కూడా అలాగే తిన్నదట. ఆ వరస అమ్మ పెట్టిందీ కాదు, తీయగలిగిందీ కాదు.

చిన్నమ్మకు అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. రెండోసారి పోయినప్పుడు పశువుల కొట్టం గోడకు ఆనుకుని, ఏడవకుండా, జిల్లేడాకులు తుంచి చేతిలో పెట్టుకుని వాటి పాలు కారుతుంటే చూస్తూ కూర్చున్న చిన్నమ్మ నాకు గుర్తుంది. అందుకే మూడోసారి నీళ్లు పోసుకుందని తెలిసినప్పుడు ఇంట్లో ఎవరూ పైకి సంతోషపడలేదు. జేజి అహోబిలం నరసింహస్వామికి ముడుపు కట్టింది. అప్పటి నుంచి ఇంట్లో నియమాలు మొదలయ్యాయి. చూలాలు ఉన్న ఇంట్లో మగవాళ్లు టెంకాయ కొట్టకూడదు, పచ్చని చెట్టు నరకకూడదు, ప్రాణం తీయకూడదు. ఇవి మా సీమలో చాలా ఇళ్లలో ఉన్నవే. చిన్నాయన వాటిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, నడుస్తూ చీమల బారు కనిపిస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. చుట్టాలొచ్చి కోడి కోయాల్సి వస్తే మాత్రం చేను పక్క దస్తగిరి మామ వచ్చి కోసిపెట్టి పోయేవాడు. దస్తగిరి మామది దూదేకుల కుటుంబం. వాళ్ల చేను, మా చేను ఒకే గట్టుకు అటూ ఇటూ ఉండేవి. జేజిని పెద్దమ్మా అని పిలిచేవాడు. అతను కోస్తే మాకు పాపం లేదని జేజే తీర్పు చెప్పింది.

ఆ ఏడు వాన బాగా పడింది. రెండు కరువుల తర్వాత పడిన వాన. ఆ సాయంత్రమే నేలలోంచి తల్లి పురుగులు లేచాయి. గుడ్డి దీపాల చుట్టూ, గోడల మీద, ఉట్టి మీద, జేజి తెల్లకోక మీద ఎక్కడ చూసినా అవే. చిన్నాయన ఒక్కొక్కదాన్నీ తువ్వాలతో పట్టి బయటికి తీసుకుపోయి వదిలి వచ్చేవాడు. అది అతనికంటే ముందే లోపలికి వచ్చేది. మరునాడు ఊరంతా ఒక మాట అనుకున్నారు. పొద్దు వాలగానే ప్రతి చేను గట్టు మీదా మంట వేయాలి, మంట పక్కన తట్ట, అంటే వెడల్పాటి పళ్లెం పెట్టి, నీళ్లు పోసి కిరసనాయిలు కలపాలి. ఒక్క చేను మానుకున్నా లాభం లేదు. అక్కడ పడిన గుడ్లు పిల్లలై, దండులాగా పక్క చేలకు నడిచిపోతాయి. ఊరి చేలకు నట్టనడుమ ఉన్నది మా చేను.

పెద్దమనుషుల తరఫున మా అరుగు మీదికి వచ్చినవాడు దస్తగిరి మామే. నాయన అప్పటికే తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. జేజి స్తంభానికి ఆనుకుని తన వక్కాకు తిత్తి విప్పుతోంది.

"ఏం పెద్దమ్మా, మీ చేనొక్కటే చీకటిగా ఉంటే ఊరి పురుగంతా ఆడనే సంసారం పెడతాది గదా."

"పెట్టనీ నాయనా. నా ఇంట్లో గూడా ఒకటి సంసారం పెట్టుకోవల్ల గదా."

"కోడిని కోసేదానికి పనికొస్తి, మంట ఏసేదానికి పనికిరానా? నేనేస్తా. మీరు తలుపేసుకొని లోపల కూసోండి. పాపం నా తల మీద ఏసుకుంటా, నాకేం బరువు గాదు."

ఇది చాలా తేలికైన దారి. నాయన ముఖం వెంటనే విచ్చుకుంది. కానీ జేజి తల అడ్డంగా ఊపింది. "కోడి యేరు దస్తగిరీ. ఇది ముఖాన పసుపు రాసుకొని, కడుపు నిండా గుడ్లు పెట్టుకొని గడప తొక్కిన ముత్తైదువ. తల్లి అని పేరు పెట్టింది మీరే. నా చేలో తల్లిని కాలిస్తే, నా ఇంట్లో తల్లి నిలబడతాదా?"

"అంతేనా? అయితే పేరు మారుద్దాం పెద్దమ్మా. అత్తపురుగు అందాం. మనం మంట గూడా ఏసే పని ల్యా. ఊర్లో కోడండ్లంతా చేటలెత్తుకొని పరిగెత్తుకొస్తారు."

లోపల వంటింట్లో ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది. అమ్మ, చిన్నమ్మ ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. జేజి నోట్లోని వక్కాకును ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. నవ్వు దాచుకోవాలంటే ఆమె అలాగే చేసేది. "నీ నోట్లో మన్ను బడ. పొద్దున రా, చెప్తా" అంది.

పొద్దున జేజి చెప్పిన మాటకు ఇంట్లో ఎవరూ ఆ పూట సరిగా గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. కొడుకులిద్దరినీ పిలిచి, "మీరిద్దురూ యేరుబోండి" అంది. వేరుశనగ చేలన్నీ మా నాయన పాలు, బావికింది మడి చిన్నాయన పాలు. ఇంట్లో పడమటి పంచ చిన్నాయనకు, మిగతాది మాకు. "పొయ్యి యేరైతే పాపం యేరు. చేను పెద్దోనిది, సూలాలు చిన్నోని పొయ్యిది. అప్పుడు పెద్దోడు మంట ఏసుకుంటాడో, మసే చేసుకుంటాడో, ఆ కడుపుకు అంటదు" అంది.

"పురుగు కోసరం అన్నదమ్ములు యేరుబోతారా మా? ఊరు నవ్వుతాది" అన్నాడు నాయన.

"నవ్వితే పండ్లు కనపడతాయి. నవ్వనీ."

చిన్నాయన ఏడవగా నేను చూసింది ఆ పొద్దే. అన్న కంచం పక్కన తన కంచం లేకుండా ఎప్పుడూ తినలేదు అతను. అమ్మ వంటింటి గడప మీద నిలబడి, "నేనేం తక్కువ జేసినా అత్తా?" అని అడిగింది. జేజి తిత్తి మూసి, లేచి, పడమటి పంచలోకి పోయింది. మూడు రాళ్లు పేర్చి, ఎర్రమట్టీ పేడా కలిపి, తన చేతులతోనే పొయ్యి మెత్తింది. తడి ఆరకముందే ముగ్గు వేసింది. జవాబు రాని ఆ ప్రశ్న మా ఇంట్లో చాలా కాలం అలాగే గడప మీద నిలబడిపోయింది. నా మటుకు నాకు, వేరుపోవడం అంటే చిన్నమ్మను మళ్లీ చూడలేనేమో అన్న భయం. పంచకూ వంటింటికీ నడుమ ఉన్నది ఒక్క గోడ. అయినా పిల్లలకు మాటలే గోడలు.

ఆ సాయంత్రం నాయన వెంట చేనికి పోయాను. కంపలు, వేరుశనగ పొట్టు, పాత చక్రం టైరు ముక్క ఒకటి గట్టు మీద కుప్ప పోసి దస్తగిరి మామ సిద్ధంగా ఉన్నాడు. పొద్దు గూకి, అటూ ఇటూ చేలల్లో ఒక్కొక్క మంట లేస్తుంటే మా చేనూ లేచింది. పురుగులు చీకట్లోంచి తెల్లగా ఊడిపడుతూ వచ్చాయి. చిటపటమని రెక్కలు కాలే చప్పుడు, పొట్టు పొగ, కిరసనాయిలు వాసన, గట్టు మీద తొక్కిన జిల్లేడు పచ్చి వాసన. ఒకటి నా చేతి మీద వాలింది. దాని పసుపు అంచు మంట వెలుగులో తడిగా మెరిసింది. నాయన దాన్ని తీసి మంటలో వేయలేదు. ఊదితే అదే పోయి పడింది. ఇంటికి వచ్చాక నాయన కాళ్లూ చేతులూ కడుక్కుని, పంచ వైపు చూడకుండా లోపలికి పోయాడు. ఆ ఏడు బొంతపురుగు రాలేదని కాదు, వచ్చింది. గట్ల మీది జిల్లేళ్లన్నీ కాడలయ్యాయి. చేలు మాత్రం నిలిచాయి.

కడుపు కూడా నిలిచింది. చలికాలం మొదట్లో, మంత్రసాని ఇంట్లోంచి బయటికి వచ్చి, "ఆడబిడ్డ, గొంతు ఊరు దాటుతాండాది, ఇంటా ఉండారా?" అంది. వింటూనే ఉన్నాం. నాయన పంచ ముందు నేల మీద చతికిలబడి పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు. జేజి అహోబిలం వైపు తిరిగి దండం పెట్టింది. బిడ్డ నెల నిండే దాకా ఎవరూ గట్టిగా ఊపిరి తీసుకోలేదు. ఆ తర్వాత ఇంట్లో మళ్లీ మాటలు మామూలు గొంతుతో వినిపించాయి. అహోబిలం పేరు కలిపి ఓబులమ్మ అని పెట్టారు.

బిడ్డ పుట్టింది గదా, ఇక పొయ్యి కలిపేద్దాం అని నాయన అడిగాడు. బాలింత పొయ్యి ఆర్పకూడదు అంది జేజి. కొన్నాళ్లు పోయాక మళ్లీ అడిగితే, బిడ్డకు పండ్లు రాకముందు పొయ్యి పడగొడితే అరిష్టం అంది. పండ్లు వచ్చాయి. పుట్టువెంట్రుకలు తీసేదాకా ఆగమంది. అహోబిలం పోయి గుండు కొట్టించుకుని వచ్చాం. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే జేజి, స్వామి దగ్గర పొయ్యి మీద కూడా మొక్కినానంది. ఆ మొక్కు ఏమిటో ఎవరికీ చెప్పలేదు. తర్వాత నాయన అడగడం మానేశాడు. జేజి పోయేదాకా ఆ రెండో పొయ్యి పడమటి పంచలోనే ఉంది.

చదువుకుని, ఊరు దాటి, పత్రికలో చేరాక ఊరికే ఉండలేక ఈ నియమం గురించి వాకబు చేశాను. పని మీద ఎక్కడికి పోయినా అడిగేదాన్ని. కోసిగిలో వలస పోయే కూలీల గురించి రాయడానికి పోయినప్పుడు ముసలమ్మలను అడిగాను, రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో అడిగాను. చూలాలు ఉన్న ఇంట్లో ప్రాణం తీయకూడదన్న మాట అందరూ విన్నదే. పొయ్యి వేరైతే పాపం వేరు అన్న మాట మాత్రం ఒక్కరూ వినలేదు. కోసిగిలో ఒకామె నన్ను వింతగా చూసి, "ఎవురమ్మా మీకు చెప్పింది? శానా తెలివైన మనిషే" అంది. అంటే అది జేజి సొంతంగా కల్పించిన శాస్త్రం. దస్తగిరి మామ చూపిన తేలిక దారి ఉండగా, దాన్ని కాదని, ఇల్లు రెండు చేసే దారి ఎందుకు పట్టింది? అమ్మ మీద నమ్మకం లేకనా? నాకు తట్టిన జవాబు అదొక్కటే. అందుకే చిన్నమ్మను అడగడానికి ఇన్నేళ్లు జంకాను. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని.

రాయచోటిలో ఓబులమ్మ ఇల్లు అంగడి వెనకే. ముందు గదిలో మందుల ఘాటు, వెనక గదిలో తాలింపు వాసన. చిన్నమ్మ గ్యాసు పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్లు సగమైపోయింది. కళ్లు మాత్రం అవే. నేను కూర్చున్నదే తడవు నాన్చకుండా అడిగేశాను.

"చిన్నమ్మా, మా అమ్మ నిన్ను సరిగా చూసుకోలేదనేనా జేజి వేరు పెట్టింది?"

చిన్నమ్మ నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఇంగా అదే అంటాండారా ఆ ముండలు? మీ యమ్మనా? మీ యమ్మకు యాడ తీరిక నన్ను చూసుకునేదానికి? ఆమెను చూసుకునేటోళ్లే ల్యాకపోతే."

"మరి?"

"మొదటి దినం చెప్తా విను. పొయ్యి తడి గూడా ఆరలేదు. మీ జేజి పిండి, బియ్యం తెచ్చి నా ముందర పెట్టి, చెయ్ మే అనె. చేస్తి. చేసి, మూత పెట్టి, చేతులు కట్టుకొని కూసుంటి. అలవాటు గదా. మగోళ్లు రావల్ల, పిల్లోళ్లు తినల్ల. మీ జేజి ఎదురుగా వచ్చి కూసునె. ఎవురి కోసరం కాసుకోనుండావు అనె. మీ కొడుకు రాలేదు గదత్తా అంటి. వాడు వచ్చినప్పుడు తింటాడు, కడుపుతో ఉండేది వాడు గాదు గదా, తిను అనె. నేను తినేదాకా లెయ్యలేదు. ఎట్ల తింటి అనుకున్యావ్? నోరు కాలింది. కండ్లల్లో నీళ్లొచ్చినాయి. కాపురానికొచ్చి అన్నేండ్లయినా సంగటి అట్ల కాలతాదని నాకు తెల్దు పాపా."

ఆ ఇంట్లో తినే వరస మార్చమని జేజి ఎవరికీ చెప్పలేకపోయింది. చెప్పినా, మగవాళ్లకంటే ముందు ఎంగిలిపడిన కోడలిని ఊరు వదిలేది కాదు. కొత్త పొయ్యి ముందు పాత వరస ఉండదు. తల్లి పురుగు రెక్కల మీది పసుపు గీత జేజికి సమయానికి అందివచ్చింది, అంతే.

"మరి అమ్మ?" అన్నాను. "నేనేం తక్కువ చేసినా అని అడిగింది. జేజి పలకలేదు. నేను అక్కడే ఉన్నాను."

"మీ యమ్మ కొన్నాళ్లు నాతో మాట్లాడల్యా. ముఖం మాడ్చుకొని తిరిగె. ఒక దినం మీ నాయనకు పెట్టి, మీకు పెట్టి, తట్ట చేతబట్టుకొని పంచలోకి వచ్చి నిలబడె. లచ్చుమ్మా, నాకింత పెట్టు మే అనె. పెడితి. ఇద్దురం కూసొని తింటిమి. సగం తిని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటా, ఇదేంది మే ఇంత కాలతాది అనె. పెద్దకోడలు గూడా అందరికీ పెట్టినాకే గదా తినేది. ఆమెకు మాత్రం యాడిది వేడి సంగటి? ఆ పొద్దు నుంచి దినామ్మూ వచ్చేది. మీరంతా చేనికి, బడికి పోయినాక."

"ఎవరూ చూడలేదా?"

"ఎట్ల చూస్తారు? మీ జేజి గడపలో కూసొని ఉంటాది గదా వక్కాకు నములుకుంటా. మీ నాయన వచ్చినా, మీ చిన్నాయన వచ్చినా, అమ్మలక్కలు వచ్చినా ఒకటే మాట. ఇప్పుడు లోపలికి పోగాకండి, తోడికోడండ్లు కొట్లాడుకుంటాండారు, ఆ నోళ్లల్లో పడగాకండి అనేది. మగోళ్లు వచ్చిన దోవనే పోతాండ్రి. మేము లోపల తుంటలు తుంటలుగా సంగటి మింగుతాంటిమి."

అప్పుడు నాకు అర్థమైంది, ఇన్నేళ్లు పెళ్లిళ్లలో మేం విన్న మాట ఎక్కడ పుట్టిందో. అది మా గడపలోనే, మా జేజి నోట్లోనే పుట్టి ఊరంతా తిరిగింది. "మరి అమ్మ ఎవరికైనా చెప్పొచ్చు కదా? అంతమంది అన్ని మాటలన్నా?"

"చెప్తే పొయ్యి పోతాది గదా" అంది చిన్నమ్మ, అంత చిన్న విషయం నాకు తెలియకపోవడమేమిటన్నట్టు. "మీ జేజి పోయినాక చెప్పేద్దాం అక్కా అని నేనే అంటి. ఎందుకు లేమే, అనుకుంటే అనుకోనీ, నేను తిన్నది ఎవురన్నా వెనక్కి తీసుకుంటారా అనె."

అంగడిలోంచి ఓబులమ్మ ఎప్పుడు వచ్చిందో, తలుపు దగ్గర నిలబడి వింటోంది. "ఇన్నేండ్లు నాకు గూడా చెప్పల్యా కదమ్మా ఈ సంగతి" అంది నిష్ఠూరంగా.

"నువ్వడిగితివా? ఎప్పుడు చూసినా పురుగు సంగతి చెప్పు, పురుగు సంగతి చెప్పు అంటివి. పొయ్యి సంగతి ఎవురన్నా అడిగినారా నన్ను?"

ఇప్పుడు ఆ పల్లెలో చేల గట్ల మీద మంటలు లేవు. ఓబులమ్మ అంగడి ముందు మందు డబ్బాలు వరసగా ఉంటాయి, ఎవరికి వాళ్లు కొనుక్కుని పోయి ఎవరి చేలో వాళ్లు చల్లుకుంటారు. ఊరంతా ఒక పొద్దు ఒక మాట మీద నిలబడాల్సిన పని లేదు. అది మంచికో చెడుకో నేను తేల్చలేను. ఒకటి మాత్రం తేల్చగలను. ఆ మధ్యాహ్నం ఓబులమ్మ ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్లం, ఎవరి కోసమూ కాచుకోకుండా, కుండ దించగానే కూర్చుని తిన్నాం. అలా కూర్చోవడంలో విశేషం ఉందని ఓబులమ్మకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఆమె అలాగే తిన్నది.

చేయి కడుక్కుని, అంగడి మెట్ల మీదికి వచ్చి మా తమ్ముడికి ఫోను చేశాను. మొదటి నుంచీ చెప్పాను. జేజి కల్పించిన శాస్త్రం, పంచలో పొయ్యి, గడపలో కాపలా, అన్నీ. వాడు మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు.

"అక్కా," అన్నాడు, "అయితే అమ్మ దినామ్మూ వేడిగా తిన్యాదా?"

"తిన్నది రా," అన్నాను. "నోరు కాల్చుకుని తిన్నది."